పూత మీదున్న బీడు

ఖదీజాకు ప్రకృతి మీద ప్రత్యేకమైన ప్రేమంటూ ఏమీ లేదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఆమెకు బహుమతి ఇచ్చిన ట్రస్టు వాళ్ళు నరసరావుపేట కళ్యాణమండపంలో చదివిన ప్రశంసలో సగం ఆ ప్రేమ గురించే ఉంది. ఆమె గడ్డిని పెంచింది గొర్రెల కోసం. గొర్రెల్ని పెంచింది, మొగుడు సుభానీ వాటిని అమ్మకుండానే పోయాడు గనక.

సుభానీ గొర్రెల బేరగాడు. పల్లెల్లో కొని సంతలో అమ్మేవాడు. అతని దడిలోకి వచ్చిన జీవం సంత రోజు దాటి నిలిచేది కాదు. ఒక బక్రీదు ముందు, దడి నిండా జీవాలుండగా, పొద్దున్నే టీ గ్లాసు చేతిలో పట్టుకునే ఒరిగిపోయాడు. పొట్టేళ్ళను సంత స్నేహితులు తోలుకెళ్ళి అమ్మిపెట్టారు. ఎవరూ బేరం చెయ్యని బక్క గొర్రెలు మిగిలాయి. వాటిని ఏం చెయ్యాలో ఖదీజాకు తోచలేదు. అప్పటిదాకా ఆమె కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టిన మనిషి. గొర్రెలు మాత్రం తమకు తెలిసిన పని తాము చేసుకుపోయాయి. ఈనాయి.

వాళ్ళ ఊరు గుండ్లవారిపాలెం గురజాలకూ మాచర్లకూ మధ్య, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఊరికి పడమర, వాగు గట్టున, సుభానీ వాళ్ళ భూమి. పైన జానెడు మన్ను, కింద నాపరాయి. పత్తి పెడితే మోకాలు దాటేది కాదు. మిరప మాటెత్తితే కూలీలే నవ్వేవాళ్ళు. అందులో సగం సుభానీది, సగం తమ్ముడు ఇక్బాల్‌ది. మధ్యలో గట్టు వేసి పంచుకున్నది లేదు. ఇక్బాల్ మాచర్లలో ట్రాక్టర్ల మెకానిక్. ఆ భూమి వైపు చూసినప్పుడల్లా అతనికి కనిపించేది జానెడు మన్ను కాదు, దాని కింద ఉన్నది. చుట్టుపక్కల అప్పటికే క్వారీలు లేచాయి. గాలి ఇటు తిరిగినప్పుడు బండలు కోసే మిషన్ల మోత ఊళ్ళోకి వినిపించేది.

ఖదీజా చేసిందల్లా ఆ భూమిని దున్నకుండా వదిలేసి కట్టు కట్టడం.

కట్టు అనేది అక్కడి గొర్రెల కాపరుల మధ్య పాత ఒప్పందం. తొలకరి పడగానే బీడు సొంతదారు నాలుగు మూలలా వేపమండలు పాతి, వాటి మొదళ్ళలో రాళ్ళు పేరుస్తాడు. ఆ రోజు నుంచి ఏ మందా అందులో కాలు పెట్టదు. గడ్డి ఎదిగి, పూసి, గింజ రాలేదాకా అందరూ ఆగుతారు. కంచె ఉండదు, కాపలా ఉండదు. అయితే ఒప్పందానికి రెండో వైపు కూడా ఉంది. సొంతదారు గొర్రె ఒక్కటి దిగినా కట్టు విడిచినట్టే. ఆ తర్వాత ఎవరి మందైనా దిగొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. ఎప్పుడో ఎవడో ఊరి మందలన్నిటినీ గట్టు మీద ఆపి, తను మాత్రం దొంగచాటుగా మేపుకుని ఉంటాడు. ఆ రెండో వైపు అలాంటివాడి కోసం పుట్టి ఉండాలి.

మిగతా బీళ్ళ వాళ్ళు ఆకలి కాలం రాగానే గింజ రాలకముందే తమ మందల్ని దించేసేవాళ్ళు. ఖదీజా మొండిది. దసరా దాటి, గింజ రాలి, గడ్డి ఎర్రబారేదాకా తన గొర్రెల్ని రోడ్డు పక్కన తుమ్మకాయల మీదా, కొనుక్కొచ్చిన జొన్న చొప్ప మీదా బతికించేది. ఏటికేడాది బీడు చిక్కబడింది. ముందు ముతక బోదగడ్డి వెనక్కి తగ్గింది. తర్వాత చెంగలి వచ్చింది. చెంగలి అంటే గొర్రెలకు పండగ భోజనం. గింజ రాలాక ఆమె ముందు కొడవలితో కోసి వామి వేసుకుని, తర్వాత మందను దించేది. మర్నాడు ఊరి మందలన్నీ దిగేవి. చలికాలమంతా అందరికీ అదే మేత. అందుకని ఆమె కట్టంటే కాపరులకు గౌరవం ఉండేది. గౌరవం అనేది పెద్ద మాటేమో. లాభం ఉండేది.

ఇక్బాల్ ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు. భూమి సంగతి వచ్చేసరికి తెలుగులోకి దిగుతాడు. ఒక ఆదివారం మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే తెలుగు మొదలుపెట్టాడు.

"క్వారీ ఆయన మళ్ళీ అడుగుతుండాడు భాభీ. ఎన్నాళ్ళు ఈ గడ్డి? రాళ్ళ మీద కూర్చుని గొర్లు కాసుకుంటన్నారని జనం నవ్వుతుండారు."

"నవ్వే వాళ్ళ ఇంట్లో పండక్కి ఉడికేది నా పొట్టేలే."

"కాదన్లా. సగం నాది గదా అంటన్నా."

"అయితే గీత గీసి నీ సగం చూపించు. ఆడదాకా తవ్వుకో."

గీత గీస్తే క్వారీకి దారి ఆమె సగంలోంచే పోవాలి. అది ఇద్దరికీ తెలుసు. ఇక్బాల్ మిఠాయి పొట్లం విప్పి తనే ఒకటి తిన్నాడు.

"హైదరాబాదు ట్రస్టు వాళ్ళెవరో బీడు చూసిపోయారు. బహుమతికి పేరు రాసుకున్నారు," అంది ఖదీజా.

"గడ్డికా?"

"గడ్డికే."

ఇక్బాల్ చాలాసేపు నవ్వాడు. తర్వాత కాస్త ఆలోచించాడు. "సరే భాభీ, ఒక మాటనుకుందాం. అది నీకొస్తే నేనిక క్వారీ ఊసెత్తను. పేపర్లో పడిన బీడును తవ్వాడని నన్ను ఆడిపోసుకుంటారు. ఆ చెడ్డపేరు నాకెందుకు? రాకపోతే మాత్రం నువ్వు దారియ్యాలి."

"ఖుదా సాక్షిగా?"

"మధ్యలో ఖుదా ఎందుకు? ఇక్బాల్ సాక్షిగా."

ఆ ట్రస్టు సంగతి కొంచెం చెప్పాలి. పత్తి విత్తనాల వ్యాపారంలో సంపాదించిన ఒక పెద్దాయన పేరు మీద ఆయన కూతుళ్ళు పెట్టారు. పశువుల మేత భూముల్ని బాగా చూసుకునే రైతులకు ఏటా బహుమతి ఇస్తారు. ఊళ్ళకు ఊళ్ళ బీళ్ళు దున్ని పత్తి వేయించిన మనిషి పేరు మీద మిగిలిన బీళ్ళకు సత్కారం. ఇందులో వెటకారం వెతుక్కోవడం తేలికే. ఖదీజా వెతకలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ బీడు బీడుగా ఉండటం. అందుకు శాలువా పనికొస్తుందంటే శాలువా కప్పుకోవడానికి ఆమెకేం అభ్యంతరం లేదు.

ఆ ఏడు శ్రావణం ఎండిపోయింది. భాద్రపదంలో రెండు వానలు పడ్డాయి గాని, అప్పటికే పోరంబోకుల్లో గడ్డి వేళ్ళదాకా మేసేశారు. ఊరి చుట్టూ పచ్చగా ఉన్నది ఖదీజా బీడొక్కటే. ఆమె పాతిన వేపమండలు ఎండి గలగలలాడుతున్నాయి. వాటికి ఇవతల మందలు రోజూ వాగుకు నీళ్ళకు పోయేటప్పుడు తలలు అటు తిప్పి నడిచేవి.

కాపరుల్లో పెద్ద మంద చిన్నప్పది. కట్టు విషయంలో నలుగురూ వినే మాట అతనిది. ఒక సాయంత్రం గట్టు మీద కర్ర ఆనించి నిలబడ్డాడు.

"పిన్నమ్మా, నీ బీడు చూత్తంటే నా గొర్లకి నోరూరతంది. నాక్కూడా."

"నువ్వు కూడా మేస్తావా ఏంది?"

"మా ఇంటిది వండేదానికన్నా రుచిగానే ఉంటదేమోలే." నవ్వడం ఆపి అడిగాడు. "ఎప్పుడు దించుతావు?"

"గింజ రాలనీరా."

"ఇప్పటికే మాయి రెండు సచ్చినయ్ పిన్నమ్మా. బక్కవి. ఇంకా పోతయ్."

"నాయి మాత్రం ఏం తింటన్నయ్? పోయి నా దడి చూడు."

"చూశా. అందుకే గదా ఆగింది," అన్నాడు చిన్నప్ప. గొర్రెల్ని అదిలించుకుంటూ పోయాడు.

బహుమతి జ్యూరీ బీడు చూడటానికి వచ్చే ముందు రోజు సుధీర్ బాబు బైకు మీద వచ్చాడు. నూజెండ్ల వైపు కుర్రాడు, వ్యవసాయంలో డిగ్రీ చదివి ట్రస్టులో చేరాడు. ఖదీజా పేరు రాసుకుపోయింది అతనే. మంచివాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

బీడంతా తిరిగి చూసి సంతోషించాడు. తర్వాత చెట్టు నీడకు వచ్చి అసలు సంగతి చెప్పాడు.

"అమ్మా, రేపు వాళ్ళొచ్చేసరికి గొర్రెలు గడ్డిలో ఉండాలి."

"దడిలో ఉంటయ్. చూపిస్తాగా."

"దడిలో కాదమ్మా. ఈ బహుమతి పచ్చిక మీద జీవాల్ని మేపే రైతులకి. ఖాళీ గడ్డి చూపిస్తే ఇది గడ్డితోట, మా లెక్కలోకి రాదంటారు. పోయినేడు అనంతపురం ఆయనది అట్లాగే పోయింది. ఆయన బీడు మీదానికంటే పెద్దది."

"గింజ రాలాక రమ్మను నాయనా."

"వాళ్ళ తేదీలు మనం మార్చలేం. ఒక్క పావుగంటమ్మా. పది గొర్రెలు చాలు. చూసి, ఫోటో తీసుకుని పోతారు. పావుగంటలో పది గొర్రెలు ఏం తింటాయి చెప్పండి?"

పావుగంటలో పది గొర్రెలు ఏమీ తినవు. అతని లెక్క సరైనదే. ఖదీజా అతనికి కట్టు గురించి చెప్పలేదు. చెబితే ఒక సాక్షి తయారవుతాడు. పైగా అప్పటికే ఆమె మనసులో ఇంకో లెక్క నడుస్తోంది. మర్నాడు చిన్నప్ప వాళ్ళన్న మనవరాలికి ఓణీల ఫంక్షన్. కాపరులందరూ జీవాల్ని దడుల్లో ఉంచి పొద్దున్నే పక్కూరికి పోతారు. మధ్యాహ్నం దాకా బీడు దరిదాపుల్లో మనిషి ఉండడు. రాకపోతే దారియ్యాలి అన్న ఇక్బాల్ మాట ఆమె చెవిలో ఉంది.

"ఎన్నింటికొస్తారు?" అని అడిగింది.

మర్నాడు రెండు కార్లు వచ్చాయి. ట్రస్టు పెట్టిన కూతుళ్ళలో ఒకామె, రిటైరైన అధికారి ఒకాయన, వందన అనే శాస్త్రవేత్త. ఖదీజా మండలు పాతిన మూల పక్కనుంచే పది గొర్రెల్ని, ముందు పొట్టేలును దించింది. అవి గడ్డిలోకి పోయిన తీరు చూసి అధికారి ముచ్చటపడ్డాడు. ఇన్ని నెలల ఆకలి మీద ఉన్న జీవాలు తలలెత్తకుండా మేస్తున్నాయి. ఆయన దాన్ని ప్రశాంతత అన్నాడు. పెద్దాయన కూతురు ఫోన్ పైకెత్తి చుట్టూ తిరుగుతూ వీడియో తీసుకుంది.

వందన మాత్రం వంగి ఒక కంకిని తుంచి, గోటితో నొక్కి చూసింది.

"గింజ ఇంకా పాల మీదుంది. ఈ దశలో మేపుతారా మీరు? గింజ పడకపోతే వచ్చే ఏడు ఏం మొలుస్తుంది?"

ఇన్నేళ్ళలో ఖదీజాను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. చుట్టాలు అడగలేదు, వ్యవసాయ శాఖ వాళ్ళు అడగలేదు. జవాబు ఖదీజా నోట్లోనే ఉంది, ఎవరికైనా చెప్పుకోవాలని ఎప్పటినుంచో ఉంది కూడా. సుధీర్ బాబు చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. పది గొర్రెలు మేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా పద్ధతి ఇదేనమ్మా," అంది ఖదీజా. "పూత మీద కొంచెం మేపి తీసేస్తాం. దుబ్బు కడతది."

వందన కంకిని వేళ్ళ మధ్య తిప్పింది. "కొన్ని నేలల్లో పనిచేస్తుందేమో. మీ బీడు చూస్తుంటే నమ్మాల్సి వస్తోంది," అని పుస్తకంలో రాసుకుంది. ఆమెది తప్పేమీ లేదు. కళ్ళ ముందు ఉన్నంత చిక్కటి గడ్డిని చూసి, పెంచిన మనిషి మాటను ఎవరైనా నమ్ముతారు.

కార్లు వెళ్ళాక ఖదీజా గొర్రెల్ని బయటికి తోలింది. రావడానికి అవి ఒప్పుకోలేదు. చివరకు పొట్టేలును మెడ పట్టుకుని లాక్కురావలసి వచ్చింది. అణిగిన గడ్డిని చేత్తో లేపి నిలబెట్టింది. పనికిమాలిన పనే, అయినా చేసింది.

తెల్లవారి ఆమె బీడు దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద మందలు నిలబడి ఉన్నాయి. చిన్నప్పది, వాళ్ళ వాళ్ళవి, పక్కూరివి కూడా. ఒక్క జీవం కూడా లోపల లేదు. చిన్నప్ప మర్యాద తెలిసినవాడు, ఆమె కోసం ఆగాడు.

"కట్టు విడిచావంటగా పిన్నమ్మా."

"ఎవరన్నారు?"

ఫోన్ చూపించాడు. పెద్దాయన కూతురు తీసిన వీడియో, వెనక వీణ పాటతో. ట్రస్టు వాళ్ళు గంటలోపే నలుగురికీ పంపారు. అది గురజాలలో ఎవరికో చేరి, అక్కడినుంచి ఓణీల బంతిలోకి వచ్చింది. పాయసం వడ్డించేసరికి కాపరులందరి చేతులూ మారింది.

"అది పోయినేడుది," అంది ఖదీజా.

చిన్నప్ప వీడియోను మళ్ళీ మొదటినుంచి నడిపించాడు. పొట్టేలు కనిపించిన చోట వేలు పెట్టి ఆపాడు. "పోయినేడు దీనికి రెండు కొమ్ములూ ఉండయ్. మొన్న చవితి నాడు గదా లారీ తగిలి కుడిది ఇరిగింది. పసుపు పెట్టింది నేనే."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"పావుగంటరా చిన్నప్పా. ఫోటో కోసం. కడుపుకు కాదు."

"పావుగంటో, పూటో. దిగినయ్యా లేదా?"

ఆమె మందకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"దిగినయ్యా లేదా చెప్పు పిన్నమ్మా. లేదను, ఎనక్కి తోలుకుపోతా."

ఒకసారి అబద్ధం ఆడి దొరికిపోయింది. రెండోసారి నోరు రాలేదు. "దిగినయ్," అంది. తర్వాత గొంతు మార్చి బతిమాలింది. "గింజ పాల మీదుంది. ఇంకొన్నాళ్ళాగితే అందరికీ ఉంటది. ఇప్పుడు దించితే ఈ ఏడూ ఉండదు, పై ఏడూ ఉండదు. నీకు తెలవదా?"

"తెలుసు. నేనైతే ఆగుతా. నా ఎనకమాల చూడు, ఆళ్ళాగుతారా? నువ్వాగావని మేం ఆగాం. రెండు సచ్చినా ఆగాం. ఇంట్లో ఆడోళ్ళు తిడతన్నా ఆగాం. ఇప్పుడు నేను ఆగమంటే, ఆ ఖదీజా కాడ ఎంత తిన్నావురా అంటారు." కర్రతో ముందున్న గొర్రెను అదిలించాడు. "పక్కకి జరుగు పిన్నమ్మా, కాళ్ళకి తగులుతయ్."

ఆమె జరగలేదు. మంద ఆమెకు రెండు వైపులా చీలి లోపలికి పోయింది. ఎవరూ ఆమెను తోసెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. పక్కూరి కాపరి ఒకడు పోతూ పోతూ "ఎండలో ఎందుకత్తా, ఇంటికి పో" అన్నాడు.

వారం తిరక్కుండానే బీడు నున్నగా అయింది. మేసింది సరే, ఆకలి మీదున్న గిట్టలు దుబ్బుల్ని పెళ్ళగించాయి. ఖదీజా కూడా నాలుగో రోజు తన గొర్రెల్ని దించింది. దించక ఏం చేస్తుంది? కోసుకోవడానికి గడ్డి లేదు, వామి వెయ్యడానికి లేదు. అందరూ మేపుతుంటే తను గట్టు మీద కూర్చుని ఏడిస్తే గొర్రెలకు ఒరిగేదేమిటి?

దీపావళి వెళ్ళాక తుపాను వచ్చింది. శ్రావణంలో పడాల్సినదంతా ఒకేసారి పడింది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు. గడ్డి ఉంటే ఆ వానకు బీడు ఊపిరి పోసుకునేది. లేదు గనక జానెడు మన్ను వాగులోకి జారింది. వాన వెలిశాక ఆమె వెళ్ళి చూస్తే బీడు మధ్యలో నాపరాయి తెల్లగా, కడిగి పెట్టినట్టు బయటపడి ఉంది. దిగువన వాగు మొనలో మాత్రం కాస్త ఒండ్రు నిలిచింది, నాలుగు చెంగలి దుబ్బులు దాన్ని పట్టుకుని ఉన్నాయి.

ఆ వారంలోనే సుధీర్ బాబు ఫోన్ చేశాడు. బహుమతి వచ్చింది.

డిసెంబరులో నరసరావుపేటలో సభ. శాలువా, గాజుతో చేసిన గడ్డిపరక, ఒక చెక్కు. చెక్కు ఆ చలికాలం చొప్పకు సరిపోయింది. ప్రశంసలో ఆమెను భూమాత బిడ్డ అన్నారు. "పూత దశలో నియంత్రిత మేత అనే వినూత్న పద్ధతి ద్వారా" అని చదివినప్పుడు చప్పట్లు గట్టిగా వచ్చాయి. మైకు ఇస్తే ఆమె నమస్కారం అని దిగిపోయింది. వినయం అనుకున్నారు.

భోజనాల దగ్గర సుధీర్ బాబు పళ్ళెం పట్టుకుని ఆమె పక్కకు వచ్చాడు.

"అమ్మా, సంక్రాంతి పోయాక మా నూజెండ్ల రైతుల్ని మీ బీడుకు తీసుకొస్తా."

"వద్దు నాయనా."

"మీకేం ఇబ్బంది ఉండదు. బస్సు మాదే."

"గడ్డి లేదు. మేసేశారు."

అప్పుడు చెప్పింది కట్టు గురించి, వీడియో గురించి, తుపాను గురించి. పెరుగన్నం కలుపుతూ, చుట్టాల సంగతి చెప్పినట్టు చెప్పింది. అతను తినడం ఆపేశాడు.

"ముందే ఒక్క మాట చెప్పొచ్చు గదమ్మా."

"చెబితే నువ్వు వద్దనేవాడివి."

సుధీర్ బాబు నిజాయితీగానే ఆలోచించాడు. "ఏమో," అన్నాడు. "అనేవాణ్ణి కాదేమో."

"ఆ పూత మీద మేపే మాట, అది అబద్ధం. ఆ రోజు పుస్తకంలో రాసుకున్నామెకు చెప్పు. ఎక్కడన్నా రాసి ఉంటే తీసెయ్యమను."

"పుస్తకం వేస్తున్నారమ్మా, రైతులకు పంచడానికి. ప్రింటుకు పోయింది." పళ్ళెం కింద పెట్టి, "అడుగుతా," అన్నాడు. అడిగాడో లేదో ఆమెకు తెలియలేదు. మార్చిలో పోస్టులో ఆమెకూ ఒక ప్రతి వచ్చింది. అట్ట మీద ఆమె, పది గొర్రెలు, నడుం ఎత్తు గడ్డి.

ఇక్బాల్ మాట నిలబెట్టుకున్నాడు. శాలువా చూడటానికి పిల్లల్ని తీసుకుని వచ్చాడు. బీడు మీదికి వెళ్ళి బయటపడిన రాతిని మడమతో తట్టి చూశాడు. ఊళ్ళో వాళ్ళు అతన్ని ఎగదోశారు కూడా. "నీకు తవ్వే ఖర్చు మిగిల్చింది మీ వదిన, ఊడ్చుకుంటే చాలు" అన్నారు. అతను ఎవరికీ జవాబివ్వలేదు, క్వారీ ఊసెత్తలేదు. ఖదీజాకు అది సాయంగా అనిపించకపోగా బరువనిపించింది. అతను గొడవ పడి ఉంటే ఆమెకు గొడవ పడే పనన్నా ఉండేది.

చొప్ప అయిపోయిన కొద్దీ గొర్రెల్ని అమ్మింది. ఎండాకాలం నడిమికి దడి ఖాళీ అయింది.

జూన్‌లో తొలకరి పడింది. ఖదీజా వేపమండలు కొట్టుకొచ్చి నాలుగు మూలలా పాతింది. రాతి సందుల్లో అక్కడక్కడా పచ్చటి మొన కనిపిస్తోంది. వయ్యారిభామ కలుపు ఎక్కువ, గడ్డి తక్కువ. మర్నాడు చిన్నప్ప మంద ఆ మండల పక్కనుంచే లోపలికి నడిచింది. ఆమె ఎదురు వెళ్ళింది.

"కట్టు కట్టా కనపళ్ళా?"

"కనపడింది పిన్నమ్మా. దేనికి కట్టావో కనపళ్ళా."

"మొలుస్తంది. మూడేళ్ళాగితే మళ్ళీ ఎట్టా ఉండేదో అట్టా అయిద్ది."

చిన్నప్ప రాతి మీద కూర్చున్నాడు. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"కట్టు గడ్డికే పిన్నమ్మా, నేలకు కాదు. ఇయ్యాల నువ్వు ఉత్త బండకి కడితే నేను సరేనంటా. రేపు ప్రతోడూ బండకీ గుట్టకీ మండలు పాతి దారి మూసేస్తాడు. వాగుకు పోవాలంటే నేను నా గొర్లని నెత్తినెట్టుకుని పోవాలా?"

"నా మీద కోపంతో అంటన్నావు."

"కోపమా? నీ బీడు పోతే మాకు మాత్రం ఏం మిగిలింది? ఈ చలికాలం సగం మందను అమ్ముకున్నా." గడ్డం గోక్కున్నాడు. "ఒక మాటడుగుతా, ఏమనుకోమాక. గొర్లు లేనిదానివి. గడ్డేం చేసుకుంటావు?"

చిన్నప్ప లేచి, మందను బీడు మీదుగా వాగు వైపు తోలుకుపోయాడు. పచ్చటి మొనల్ని గొర్రెలు నడుస్తూనే తుంచుకుపోయాయి, ఆగనైనా ఆగలేదు.

కొన్నాళ్ళు ఆమె రోజూ పొద్దున్నే వెళ్ళి బీడు మధ్యలో నిలబడింది. కాపరులు వాదించలేదు. ఆమె అన్నానికి ఇంటికి పోయేదాకా వాగు దగ్గర ఆగి, పోయాక దాటించారు. ఆ సంగతి తెలిశాక ఆమె వెళ్ళడం మానేసింది.

ఒక రోజు మధ్యాహ్నం మాచర్లలో ఇక్బాల్ షెడ్డుకు వెళ్ళింది. అతను ఇంజను విప్పి గోనె మీద పరిచి ఉన్నాడు. వదినను చూసి కంగారుగా లేచి, స్టూలు తుడిచి వేశాడు.

"క్వారీ ఆయనకి చెప్పు," అంది. "దారిస్తా. నీ సగం, నా సగం, మొత్తం తవ్వుకోమను."

"నేను మాట తప్పలా భాభీ. బహుమతొచ్చిన కాణ్ణుంచి ఊసెత్తలా. ఎవరన్నా నా మీద చెప్పారా?"

"నువ్వెత్తలా. నేనెత్తుతున్నా."

ఇక్బాల్ చేతులు తుడుచుకున్నాడు. ఎన్నేళ్ళుగానో అడుగుతున్నది వచ్చి స్టూలు మీద కూర్చుంది. టీ తెప్పించనా అన్నాడు. వద్దంది.

"వాగు మొన మాత్రం వదిలెయ్యమను. ఆడ నాలుగు దుబ్బులుండయ్. ఆ కాస్త చోటు వాళ్ళకెందుకు?"

ఇక్బాల్ వంగి గోనె మీది నట్టు ఒకటి తీసి పక్కన పెట్టాడు. "ట్రాక్టర్లు దిగాల్సింది ఆడే భాభీ," అన్నాడు. "ఇంకెక్కడా దిగే దారి లేదు. నువ్వూ చూశావుగా."

"చూశా," అంది ఖదీజా.

లేచి కొంగు సర్దుకుని, గురజాల బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. ఇన్నేళ్ళుగా ఆమె ఎక్కే బస్సే అది. ఇక్బాల్ షెడ్డు బయటికి వచ్చి, చెయ్యెత్తి చూపించాడు.